పోస్ట్‌గ్రెస్‌లో రూల్స్ ఉంచాలా, ట్రిగ్గర్లకి మారిపోవాలా?

మధురవాడ_డీబీఏ:
ఫిషింగ్ హార్బర్ చేపల వేలం బిల్లుల సాఫ్ట్‌వేర్ మా చేతికొచ్చింది. డేటా ఉండేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో. పాత కోడ్‌లో బిల్లుల టేబుల్ మీద ఒక రూల్ (వచ్చిన క్వెరీని, అంటే డేటాబేస్‌కిచ్చే ఆదేశాన్ని, మార్చి రాసే ఏర్పాటు) ఉంది: బిల్లు ఇన్సర్ట్ అయితే లాగ్ టేబుల్లోనూ ఆ నంబరు వేయమని. దాని బదులు ట్రిగ్గర్ (డేటా మారినప్పుడు దానంతటదే నడిచే కోడ్) పెడదామంటే మా లీడ్ గారు "నడుస్తున్నదాన్ని కెలకడం దేనికి" అంటున్నారు. మీరేమంటారు?

కంచరపాలెం_కుర్రోడు:
నడుస్తోందా? నంబరు సీక్వెన్స్ (వరుస నంబర్లిచ్చే కౌంటర్) నుంచి వస్తుంటే బిల్లు నంబరూ లాగ్ నంబరూ పక్కపక్కన పెట్టి చూడన్నా. రూల్‌కి వచ్చిపడే రో (టేబుల్లో ఒక వరుస) కనబడదు, క్వెరీ మాత్రమే కనబడుతుంది. క్వెరీని చదివే పార్సర్ పని అయ్యాక, దాన్నెలా నడపాలో తేల్చే ప్లానర్‌కి అందకముందే రీరైటర్ ఆ క్వెరీని తిరగరాస్తుంది. 'న్యూ.ఐడీ' (కొత్త బిల్లు నంబరు) అన్నచోట విలువ పెట్టదు, సీక్వెన్స్‌ని తర్వాతి నంబరు అడిగే 'నెక్స్ట్‌వాల్' పిలుపునే అతికిస్తుంది. అది రెండుసార్లు నడుస్తుంది. బిల్లు 101, లాగ్‌లో 102. పైగా కాపీ కమాండ్‌తో డేటా ఎక్కిస్తే రూల్ ఊసే ఉండదు. ట్రిగ్గర్ అయితే నడుస్తుంది.

ఎంవీపీ_మాస్టారు:
బాబూ, రూల్స్‌ని మరీ తీసిపారేయకు. పోస్ట్‌గ్రెస్‌లో వ్యూ (టేబుల్లా వాడుకునే, పేరు పెట్టి దాచిన క్వెరీ) అంటేనే రూల్. డేటా చదివే సెలెక్ట్ మీద 'బదులుగా ఇది చెయ్యి' అనే రూల్ కాబట్టే వ్యూ లోపలి టేబుళ్లు నీ క్వెరీలో కలిసిపోయి, ప్లానర్ మొత్తాన్నీ ఒకేసారి చూడగలుగుతోంది. డిలీట్‌లోనూ అంతే: లక్ష రోలు తీసేస్తే రో ట్రిగ్గర్ లక్షసార్లు నడవాలి, రూల్ అదనంగా ఒక్క క్వెరీ రాస్తుంది.

కంచరపాలెం_కుర్రోడు:
వ్యూల సంగతి ఒప్పుకుంటాను మాస్టారూ, చదవడానికి రూల్‌ని మించింది లేదు. రాయడానికే నా పేచీ. వ్యూల మీద 'ఇన్‌స్టెడ్ ఆఫ్' ట్రిగ్గర్లు (ఆ రాతకి బదులుగా నడిచేవి) 2011లో 9.1 వెర్షన్‌తో వచ్చాయి. 9.3 నుంచి సాదా వ్యూలకి అవీ అక్కర్లేదు, నేరుగా అప్‌డేట్ అవుతాయి. మీరన్న లక్ష రోలకి కూడా 10వ వెర్షన్ నుంచి స్టేట్‌మెంట్ ట్రిగ్గర్లో (క్వెరీకి ఒక్కసారే నడిచేది) ట్రాన్సిషన్ టేబుల్ (మారిన రోల జాబితా) ఉంది: ఒకే పిలుపు, అన్ని రోలూ చేతిలో.

ఎంవీపీ_మాస్టారు:
ఆ ట్రాన్సిషన్ టేబుల్ మాట నిజమే. లాగ్ వరకైతే ట్రిగ్గరే పెట్టుకోండి.

మధురవాడ_డీబీఏ:
చూశాను. బిల్లులన్నీ 101, 103, 105. సరిసంఖ్య బిల్లులేమయ్యాయని ఆడిటర్ ఇదివరకే అడిగారట! లీడ్ గారేమో "లాగ్ రిపోర్టులో నంబరు నుంచి ఒకటి తీసేస్తే సరి" అంటున్నారు.

కంచరపాలెం_కుర్రోడు:
తెల్లారి వేలంలో ఇద్దరు ఒకేసారి బిల్లు కొడితే? నీ బిల్లు 101, పక్కోడిది 102, నీ లాగ్ 103, వాడి లాగ్ 104. నీ లాగ్‌లోంచి ఒకటి తీసెయ్యమనండి, ఎవరి బిల్లు వస్తుందో ఆయన్నే చెప్పమనండి.