నడి నీటిలో ఇంజను ఆగిపోతే, స్టీరింగు పట్టు తప్పితే ముందుగా ఏం చేయాలి?

వేళచ్చేరి_వాసి:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా పదేళ్ళుగా చెన్నైలో, వేళచ్చేరిలో ఉంటున్నాను. నిరుడు ఇద్దరు మిత్రులతో కలిసి 16 అడుగుల పాత ఫైబరు పడవ ఒకటి కొన్నాను. దానికి వెనుక 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డు ఇంజను, ముందు కారుకు ఉన్నట్టే స్టీరింగు చక్రం ఉన్నాయి. సెలవు రోజుల్లో పులికాట్ సరస్సులో, పళవేర్కాడు వైపు తిప్పుతుంటాము.

గత నెలలో ఒక ఆదివారం ఉదయం, సరస్సు సముద్రంలో కలిసే మొగకు కొంచెం లోపలగా వెళుతుండగా, అప్పటివరకు ఇరవై నిమిషాలు చక్కగా నడిచిన ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నేను పావుగంటసేపు తాళం తిప్పుతూ, పైమూత తీసి చూస్తూ ఉండిపోయాను. ఆ సమయంలో నీరు పాటు మీద ఉంది, అంటే సరస్సులోని నీరంతా సముద్రంలోకి లాగుతోంది. మిత్రుడు కేక వేస్తే తల ఎత్తి చూశాను. ఇసుక తిన్నె మీద కెరటాలు విరిగే చోటు మాకు నూరు మీటర్ల దూరంలో కూడా లేదు. అటుగా వస్తున్న జాలరులు తాడు విసిరి మమ్మల్ని వెనక్కి లాగారు. ఎంత బతిమాలినా డబ్బు పుచ్చుకోలేదు కాని, లంగరు ఎందుకు వేయలేదని మాత్రం గట్టిగా చీవాట్లు పెట్టారు. లంగరు ముందు అరలో, లైఫ్‌జాకెట్ల అడుగున, తాడు కూడా కట్టకుండా పడి ఉంది.

ఇది చాలదన్నట్టు, కొన్ని వారాలుగా స్టీరింగు చక్రం బిగుసుకుపోయినట్టు తిరుగుతోంది. ఇంజను ఆగినప్పుడు ఏ క్రమంలో ఏమేమి చూడాలి? ఇంజను నడుస్తూ స్టీరింగు మాత్రమే పోతే ఒడ్డుకు చేరే మార్గం ఏమిటి? అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరు.

రాయపురం_పాత_సరంగు:

బాబూ, వయసులో గోదావరి మీద లాంచీలు, ఆ తరువాత ఇక్కడ హార్బరులో పనిపడవలు నడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నీ ఇంజను ఎందుకు ఆగిందో నాకంటే బాగా చెప్పేవారు ఈ వేదికలో ఉన్నారు. నేను చెప్పేది ఆ పావుగంట గురించి. ఇంజను ఆగిన మరుక్షణం నీ పడవ గాలికీ నీటికీ చిక్కిన బెండు ముక్కతో సమానం. కాబట్టి పైమూత మీద చెయ్యి వేయక ముందే పడవను ఉన్నచోట నిలపాలి. మరమ్మతు కోసం తల వంచినవాడికి ఒడ్డు ఎంత త్వరగా జరిగిపోతుందో తెలియదు.

లంగరును ముక్కు దగ్గరే కట్టాలి, వెనుక ఎన్నడూ కట్టకూడదు. చిన్న పడవల వెనుక పలక ఇంజను కోసం తగ్గించి ఉంటుంది, పైగా ఇంజను బరువు అక్కడే ఉంటుంది. వెనుక నుంచి లంగరు పట్టి లాగితే నాలుగు కెరటాలకే పడవ నిండుతుంది. తాడు పొడవు విషయంలో పిసినారితనం పనికిరాదు. లోతు 5 మీటర్లు ఉంటే కనీసం 25 మీటర్లు, గాలి గట్టిగా ఉంటే 35 మీటర్ల తాడు వదలాలి. లంగరుకూ తాడుకూ మధ్య మూడు నాలుగు మీటర్ల గొలుసు ఉంటే, దాని బరువు వల్ల లాగుడు అడుగును అంటిపెట్టుకొని సాగి, లంగరు కొక్కెం ఇసుకలోకి దిగుతుంది. తాడు రెండో కొస పడవకు ముందుగానే ముడివేసి ఉండాలి. తొందరలో తాడుతో సహా లంగరును నీళ్ళపాలు చేసుకున్నవారిని నా కళ్ళతో చూశాను.

మన తీరంలో ప్రమాదం ఏ దిక్కున ఉందో గడియారం కూడా కొంత చెబుతుంది. తెల్లవారుజామున నేల మీది నుంచి గాలి సముద్రంవైపు వీస్తుంది కనుక ఆగిన పడవ నడిసముద్రంలోకి కొట్టుకుపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి లేచి అదే పడవను ఒడ్డున విరిగే కెరటాల్లోకి నెడుతుంది. ఇందులో రెండోదే నాకు ఎక్కువ భయం, ఎందుకంటే ఒడ్డు దగ్గరలో ఉందన్న ధైర్యంతో మనుషులు నీళ్ళలోకి దూకుతారు. తలకిందులైనా సరే, ఫైబరు పడవ మునగకుండా తేలుతున్నంతసేపు దాన్ని వదలకూడదు. వెతికేవారికి పడవ కనిపించినట్టు మనిషి తల కనిపించదు.

కాసిమేడు_మెకానిక్కు:

సరంగు గారు చెప్పినట్టు లంగరు పడిన తరువాత చూడవలసినవి రాస్తున్నాను. తాళం తిప్పినా ఇంజను అందుకోకపోతే, నడిపేవారి నడుముకో చేతికో తగిలించే ఎర్ర తాడు క్లిప్పు (మనిషి నీటిలో పడితే ఇంజనును ఆపేసేది) ఊడిందేమో మొదట చూడండి. నా దగ్గరకు "ఇంజను చచ్చిపోయింది" అంటూ వచ్చే ఫోన్లలో కొన్ని ఆ క్లిప్పు పెట్టగానే ముగిసిపోతాయి. ఆ తరువాత గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడాలి. గేరు పడి ఉంటే స్టార్టరు తిరగదు.

మీ విషయంలో ఇరవై నిమిషాలు బాగా నడిచి, దగ్గి, ఆగిపోయిందన్నారు. ఇది పెట్రోలు అందక ఆగిన తీరు. విడిగా పెట్టే పెట్రోలు ట్యాంకు మూత మీద గాలి మర ఒకటి ఉంటుంది. ఇంటి నుంచి కారులో తెచ్చేటప్పుడు వాసన రాకుండా దాన్ని బిగించి, నీటి మీదికి వచ్చాక వదులు చేయడం మరిచిపోతే, పెట్రోలు తగ్గే కొద్దీ లోపల గాలి చాలక ట్యాంకు పక్కలు లోపలికి పీక్కుపోతాయి. మూత వదులు చేయగానే బుస్సుమని గాలి లోపలికి వెళితే దోషం దొరికినట్టే. పెట్రోలు గొట్టం మధ్యలో, చేత్తో నొక్కి పెట్రోలు ఎక్కించే రబ్బరు బంతి కూడా చాలా చెబుతుంది. నొక్కిన తరువాత అది చప్పిడిగా అతుక్కునే ఉంటే అడ్డంకి ట్యాంకు వైపు ఉంది. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి లీకవుతోంది లేదా ట్యాంకు ఖాళీ అయింది. గట్టిపడినా ఇంజను అందుకోకపోతే అప్పుడు ఫిల్టరు, ప్లగ్గులు చూడాలి. ఇప్పటి బంకుల్లో దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచితే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి, గొట్టం పీల్చేది కూడా అడుగు నుంచే. అందుకే నీటిని వేరుచేసే ఫిల్టరు ఒకటి దారిలో పెట్టించుకోండి.

ఇంజను అరుస్తున్నా పడవ కదలకపోతే ప్రొపెల్లరుకు వల తాడు చుట్టుకొని ఉండవచ్చు, లేదా దాని లోపలి రబ్బరు బుష్షు జారిపోయి ఉండవచ్చు. రెండోదైతే బాగా నెమ్మదిగా నడిపి ఇల్లు చేరవచ్చు. తాడు కోసేటప్పుడు ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్న తరువాతే చెయ్యి పెట్టండి.

ఇక స్టీరింగు. చక్రం నుంచి వచ్చే తీగ ఇంజను బిగింపులోని ఒక ఇనుప గొట్టంలోంచి సాగి, చివర ఒక కడ్డీతో ఇంజనుకు కలుస్తుంది. ఉప్పునీటి తేమకు ఆ గొట్టంలో పాత గ్రీజు గట్టిపడి తుప్పుతో కలిసి బిగుసుకుంటుంది. బిగుసుకున్న చక్రాన్ని బలంగా తిప్పడం వల్లే చాలా తీగలు తెగుతాయి. గ్రీజు ఎక్కించేటప్పుడు తీగ కొన పూర్తిగా లోపలికి ముడుచుకొని ఉండాలి, లేకపోతే గ్రీజు తీగ ముందు గట్టిగా పేరుకొని చక్రం అసలే తిరగకుండా చేస్తుంది. కడ్డీ చివర ఉన్న నట్టు తనంతట తాను వదులు కాని రకమై ఉండాలి. అది పోయినప్పుడు బజారులో దొరికిన మామూలు నట్టు బిగించిన పడవలు కాసిమేడులో ఎన్నో చూశాను. నీళ్ళలో స్టీరింగు పోతే కడ్డీని ఇంజను నుంచి విడదీసి, ఇంజనును చేత్తో లేదా ఒక తెడ్డు కర్ర గట్టిగా కట్టి తిప్పుతూ, అతి తక్కువ వేగంతో రావాలి. వేగం పెంచితే ఇంజను ఒక్కసారిగా పక్కకు కొట్టుకొని మనిషిని నీటిలోకి విసిరేస్తుంది.

తడ_నుంచి_ఒకడు:

సరంగు గారి మాటకు చిన్న సవరణ చేయవచ్చునా? సరస్సు లోపల చాలా చోట్ల లోతు మీటరుకు అటూ ఇటూ మాత్రమే. అక్కడ లంగరు కంటే పదీ పన్నెండు అడుగుల గెడ మేలు. మా తాత ఇంజను చూడకుండానే జీవితమంతా గెడ పోటుతో ఇదే సరస్సులో తిరిగాడు. అయితే మొగ దగ్గర గెడ అందదు, అక్కడ సరంగు గారి మాటే సరైనది. తీరానికి దూరంగా, లంగరు తాడుకు అందని లోతులో ఆగితే ఒక బకెట్టునో, నోరు తెరిచిన గోనె సంచినో ముక్కుకు పొడవాటి తాడుతో కట్టి నీటిలో వదలండి. పడవ కెరటానికి ఎదురుగా నిలుస్తుంది, కొట్టుకుపోవడం కూడా మందగిస్తుంది. ఇంజను నడుస్తూ స్టీరింగు ఇరుక్కుపోతే అదే బకెట్టును వెనుక కుడి పక్కన ఈడిస్తే ముక్కు కుడికి, ఎడమ పక్కన ఈడిస్తే ఎడమకు తిరుగుతుంది. తాడు ప్రొపెల్లరులో పడకుండా చూసుకోవాలి.

రాయపురం_పాత_సరంగు:

తడ అబ్బాయి చెప్పింది ఒప్పుకుంటున్నాను. మరొక మాట మిగిలింది. సహాయం అడగడానికి ఫోను చార్జి అయిపోయేదాకా ఆగవద్దు. తీరరక్షక దళం నంబరు 1554, తీర పోలీసుల నంబరు 1093. రేడియో ఉంటే 16వ ఛానెల్. ఆగిపోయి తేలుతున్నామంతే అయితే "పాన్ పాన్" అని మూడుసార్లు, ప్రాణాపాయమైతే "మేడే" అని మూడుసార్లు పలికి, ఫోనులో కనిపించే అక్షాంశ రేఖాంశాలు, మనుషుల సంఖ్య, పడవ రంగు చెప్పాలి. ఎటు కొట్టుకుపోతున్నారో కూడా చెప్పాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో ప్రవాహం సాధారణంగా దక్షిణానికి సాగుతుంది, ఎండాకాలంలో ఉత్తరానికి మళ్ళుతుంది. దూరాన పడవ కనిపిస్తే రెండు చేతులూ పక్కలకు చాచి నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించండి. ఒక చెయ్యి ఊపితే పలకరింపు అనుకొని వారూ ఊపి వెళ్ళిపోతారు.

లాగించుకునేటప్పుడు తాడును ముక్కు కింద ఉన్న ఇనుప కడియానికి కట్టాలి. పైన ఉన్న చిన్న కొక్కేలు మరలతో సహా ఊడివస్తాయి. తాడుకు సూటిగా ఎవరూ కూర్చోకూడదు, తెగిన తాడు కొరడా అవుతుంది.

వేళచ్చేరి_వాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం పడవ దగ్గరకు వెళ్ళి చూశాను. మెకానిక్కు గారు ఊహించినట్టే ట్యాంకు మూత మీది గాలి మర బిగించే ఉంది. నిజం చెప్పాలంటే దాన్ని బిగించింది నేనే, కారులో పెట్రోలు వాసన వస్తోందని మా ఇంటావిడ అన్నందుకు. ఆమెకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. స్టీరింగు కడ్డీ నట్టు మామూలుదే, వేలితోనే తిరిగింది. తీగ మారుస్తున్నాను. లంగరుకు 4 మీటర్ల గొలుసు, 40 మీటర్ల నైలాను తాడు కొన్నాను. 16 అడుగుల పడవకు 10 మిల్లీమీటర్ల తాడు సరిపోతుందా, లేక 12 తీసుకోవాలా?

రాయపురం_పాత_సరంగు:

బలానికి 10 చాలు. కాని తడి చేతులతో లాగవలసి వచ్చినప్పుడు సన్నటి తాడు అరచేతులు కోసేస్తుంది. 12 తీసుకో.