గురువారం అఫీషియల్ రిసీవర్ ఫోన్ ఇంటర్వ్యూ, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు

పార్శిల్‌వ్యాన్

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో దివాలాకి అప్లై చేసి ఈ అఫీషియల్ రిసీవర్ (దివాలా తీసినవాళ్ల లెక్కలు చూసే ప్రభుత్వ అధికారి) ఇంటర్వ్యూ దాటి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త జవాబివ్వండి. పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

నేను సొంత వ్యాన్‌తో పార్శిళ్లు డెలివరీ చేసేవాణ్ని. రెండేళ్ల కింద నడుం పట్టేసి ఏడు నెలలు బండి ఎక్కలేకపోయాను. ఆ ఏడు నెలలూ ఇంటి అద్దె దగ్గర్నుంచి పిల్లాడి బూట్ల దాకా అన్నీ క్రెడిట్ కార్డుల మీదే నడిచాయి, ఒక కార్డు బాకీ కట్టడానికి ఇంకో కార్డు, దాన్ని తీర్చడానికి ఒక లోను, అలా అలా చివరికి 31,000 పౌండ్లు తేలింది. వ్యాన్ కూడా అప్పుడే పోయింది. ఇప్పుడు ఒక వేర్‌హౌస్‌లో పని చేస్తున్నాను, జీతం ఇంటి ఖర్చుకే సరిపోతుంది. 680 పౌండ్ల ఫీజు కూడా ఒక్కసారి కట్టలేక వాయిదాల్లో కట్టి ఆన్‌లైన్‌లో అప్లికేషన్ పంపాను. పోయిన మంగళవారం దివాలా ఆర్డర్ వచ్చింది. ఆ రోజు నిజంగా ప్రాణం తేలికపడింది, రాత్రి నేనూ మా ఆవిడా చాలాసేపు కూర్చుని మాట్లాడుకున్నాం.

రెండు రోజులకే ఉత్తరం వచ్చింది. వచ్చే గురువారం పొద్దున పదిన్నరకి అఫీషియల్ రిసీవర్ ఆఫీసు నుంచి ఫోన్ చేస్తారట, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం కాగితాలు దగ్గర పెట్టుకోమన్నారు.

అప్పట్నుంచి నేను మనిషిలా లేను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది, గుండె దడ, అరచేతులకి చెమట. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే అది బల్ల మీద వణుకుతూ అంచు వైపు జరుగుతుంటుంది, నేను చూస్తూ కూర్చుంటాను. ఎత్తలేను, కట్ చేయనూ లేను. రెండేళ్లు అప్పులవాళ్ల ఫోన్లు వచ్చీ వచ్చీ ఇలా అయిపోయాను. ఇక గురువారం ఆ ఫోన్ ఎలా ఎత్తుతాను?

అసలు భయం ఇంకొకటుంది. అప్లికేషన్ పెట్టడానికి నాలుగు నెలల ముందు మా బావమరిదికి 1,500 పౌండ్లు తిరిగి ఇచ్చేశాను. నేను మంచాన పడ్డప్పుడు తన పెళ్లి కోసం దాచుకున్న డబ్బు తీసి ఇచ్చిన పిల్లాడు వాడు. వాడికి ఎగ్గొట్టడానికి నాకు మనసొప్పలేదు. ఇది తప్పని తర్వాత ఎక్కడో చదివాను. వాళ్లు అడిగితే ఏం చెప్పాలి? నన్ను మోసగాడు అంటారా? మా అమ్మానాన్నలకి దివాలా సంగతే తెలియదు, వాళ్లదాకా పోతుందా? రాస్తుంటేనే చేతులు వణుకుతున్నాయి.

శ్రావణమేఘం

తమ్ముడూ, నేను మూడేళ్ల కింద ఇదే ఉత్తరం పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చినదాన్ని, కాబట్టి నీ పరిస్థితి నాకు బాగా తెలుసు. ముందు ఒక మాట. నీకు ఫోన్ చేసేది అప్పుల కంపెనీ మనిషి కాదు. దివాలా కేసులు చూసే ఇన్సాల్వెన్సీ సర్వీస్‌లో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగి. నువ్వు డబ్బు కట్టు అని ఆ ఫోన్‌లో ఎవరూ దబాయించరు. అప్పులవాళ్లు ఇక నిన్ను అడగాల్సిన పని లేదు, ఏమున్నా ఈ ఆఫీసుతో తేల్చుకోవాలి, అందుకే ఆర్డర్ వచ్చిన రోజు నీకు ప్రాణం తేలికపడింది.

నాకు మాట్లాడినావిడ గొంతు ఇప్పటికీ గుర్తుంది, నిదానంగా, కొంచెం జలుబు చేసినట్టు. నేను అప్లికేషన్‌లో రాసిందే ఒక్కొక్కటీ చదువుతూ ఇది సరిగ్గానే ఉందా అని అడుగుతూ పోయింది. అప్పు ఎలా పెరిగింది, ఇక కట్టలేనని ఎప్పుడు తెలిసింది, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, కారు ఉందా, పెన్షన్ ఉందా, గత ఐదేళ్లలో ఏదైనా అమ్మారా, ఎవరికైనా ఊరికే ఇచ్చారా, బంధువులకి ఏమైనా తిరిగి కట్టారా. మధ్యమధ్యలో టైప్ చేస్తున్న చప్పుడు. గుర్తులేనివాటికి గుర్తులేదు, చూసి పంపుతాను అన్నాను, సరే అంది. మొత్తం యాభై నిమిషాలు.

ఇక నా సంగతి. ఊళ్లో మా నాన్న నా పేరున రాసిన చిన్న స్థలం ఉంది. ఇండియాలో ఉన్నది ఇక్కడివాళ్లకెందుకులే అనుకుని అప్లికేషన్‌లో రాయలేదు. తర్వాత తెలిసింది, ఇక్కడి చట్టం ప్రకారం ఆస్తి ప్రపంచంలో ఎక్కడున్నా లెక్కలోకి వస్తుందని. ఇంటర్వ్యూకి ముందు పది రోజులు నన్ను తినేసింది ఆ స్థలమే, అప్పు కాదు. చివరికి ఏం చేశానంటే ఆవిడ తన పేరు చెప్పి పలకరించగానే, మీరు మొదలుపెట్టే ముందు నేను రాయని విషయం ఒకటుంది అని గబగబా చెప్పేశాను. నా గొంతు నాకే వినపడటం లేదు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, చెప్పినందుకు థాంక్స్, దాని కాగితాలు ఉంటే పంపండి అంది. అంతే. ఆ తర్వాత మిగిలిన సేపంతా నాకు అసలు భయం వేయలేదు. స్థలం నాకు మిగల్లేదు, నిజమే, కానీ నా మీద ఎవరూ వేలెత్తి చూపలేదు.

నీ బావమరిది విషయం కూడా అంతే చెయ్యి. వాళ్లు అడిగేదాకా ఆగకు, నువ్వే మొదట చెప్పేసెయ్.

ఎర్రమట్టి

అన్నా ఒక సలహా, అడగందే ఏదీ చెప్పకు. 1,500 వాళ్లకి పెద్ద మొత్తం కూడా కాదు. నోరు జారితే పాపం ఆ కుర్రాడు ఇరుక్కుంటాడు.

నిదానం77

ఎర్రమట్టి గారూ, మంచి మనసుతోనే అన్నారు కానీ దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. అప్పుల్లో ఉన్నవాళ్లకి ఫ్రీగా సలహా ఇచ్చే ఒక సంస్థలో నేను ఆరేళ్లుగా వాలంటీర్‌గా కూర్చుంటున్నాను, జనాన్ని నిజంగా ఇబ్బందిలో పడేసింది ఎప్పుడూ దాచిన విషయమే. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ 1,500 కనపడుతూనే ఉంటుంది కదా. తెలిసీ ఆస్తిని గానీ డబ్బు సంగతి గానీ దాచడం 1986 ఇన్సాల్వెన్సీ చట్టం కింద నేరం. అదీకాక, సహకరించడం లేదనిపిస్తే మామూలుగా పన్నెండు నెలల్లో అయిపోవాల్సిన దివాలా ముగియకుండా ఆపించేందుకు అఫీషియల్ రిసీవర్ కోర్టుకి వెళ్లొచ్చు.

పార్శిల్‌వ్యాన్ గారూ, మీరు చేసినదాన్ని ఇక్కడ ప్రిఫరెన్స్ అంటారు. అందరికీ బాకీ ఉండగా ఒకరికి మాత్రం ముందు తీర్చడం. మామూలువాళ్లకైతే ఆరు నెలల వెనక్కి చూస్తారు, దగ్గరివాళ్లకైతే రెండేళ్లు, భార్య తమ్ముడు దగ్గరివాళ్లలోకే వస్తాడు. కాబట్టి దీన్ని వాళ్లు పట్టించుకునే అవకాశం ఉంది. జరగగలిగింది ఏమిటంటే ఆ డబ్బు తిరిగి ఇవ్వమని మీ బావమరిదిని అడగొచ్చు. అడుగుతారో లేదో, వాయిదాల్లో ఒప్పుకుంటారో, అది వాళ్లు అన్నీ చూసి నిర్ణయించేది. ఈ మాట అతనికి మీ నోటితో గురువారం లోపే చెప్పండి. ఒకరోజు హఠాత్తుగా ఉత్తరం వచ్చి తెలియడం కంటే అక్కాబావల దగ్గర విని తెలియడం మేలు.

మిమ్మల్ని మోసగాడు అంటారా అన్నారు. నిజాయితీ లేకుండా గానీ లెక్కలేనితనంగా గానీ ప్రవర్తించారనుకుంటే రెండు నుంచి పదిహేనేళ్ల దాకా దివాలా ఆంక్షలు పొడిగించే ఆర్డర్ ఉంది, అది నిజమే, కట్టే ఉద్దేశం లేకుండా కార్డులు గీకినవాళ్లు, ఆస్తి పక్కకి తప్పించినవాళ్లు అందులో పడతారు. నడుం పడిపోయి అద్దె కట్టుకోవడం వేరు. ఏ నెలలో పని ఆగింది, ఏ కార్డు ఎందుకు వాడారు, డాక్టర్ కాగితం ఏదైనా ఉందా, ఇవి మీ దగ్గర ఉంచుకోండి, మీ కథ వాటితోనే నిలబడుతుంది.

అమ్మానాన్నల సంగతి. మీ పేరు ఇన్సాల్వెన్సీ రిజిస్టర్‌లోనూ ప్రభుత్వ ప్రకటనలు వేసే లండన్ గెజిట్‌లోనూ ఉంటుంది, ఎవరైనా వెతికితే కనపడుతుంది, కానీ వాళ్లకి ఉత్తరం రాసే పని ఎవరికీ లేదు, వాళ్లు మీకు అప్పిచ్చి ఉంటే తప్ప. దివాలా ముగిసిన మూడు నెలల్లోపు రిజిస్టర్ నుంచి తీసేస్తారు. క్రెడిట్ రికార్డులో మాత్రం ఆరేళ్లు ఉంటుంది. జీతం ఇంటికే సరిపోతుందన్నారు కాబట్టి నెలనెలా కట్టమని మిమ్మల్ని అడగకపోవచ్చు, మిగులు ఉన్నవాళ్లనే అడుగుతారు, అదీ మూడేళ్లకి మించి కాదు. జీతం పెరిగితే 21 రోజుల్లో చెప్పాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

మధ్యాహ్నం_షిఫ్ట్

రూల్స్ నాకు తెలియవు, ఫోన్ భయం మాత్రం తెలుసు. నాకు పానిక్ ఎటాక్స్ ఉండేవి, ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తాయి.

మీరు ఆ ఫోన్ ఎత్తడం ఈ వారంలోనే ప్రాక్టీస్ చేయండి. మీ ఆవిడని పక్కగదిలోంచి నంబరు కనపడకుండా ఫోన్ చేయమనండి, ఎత్తి, అవునండి నేనే మాట్లాడుతున్నాను అని ఇంగ్లిష్‌లో చెప్పి పెట్టేయండి. రోజుకి నాలుగైదు సార్లు. మొదటిసారి పిచ్చిపనిలా ఉంటుంది, మూడో రోజుకి చెయ్యి దానంతటదే వెళ్తుంది. నేను అలాగే బయటపడ్డాను.

దడ మొదలైనప్పుడు గాలి బలంగా పీల్చకండి, ఇంకా ఎక్కువవుతుంది. వదలడం మీద ధ్యాస పెట్టండి, నాలుగు లెక్కపెడుతూ తీసుకుని ఆరో ఏడో లెక్కపెడుతూ మెల్లగా వదలండి, గుండె వేగం తగ్గుతుంది. ఆ పొద్దున కాఫీ మానేయండి, కాఫీ దడకీ భయం దడకీ తేడా తెలియదు. బల్ల దగ్గర కూర్చోండి, మంచం మీద వద్దు. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తారీఖులు, మొత్తాలు, బావమరిది సంగతి రాసి ఎదురుగా పెట్టుకోండి, మైండ్ ఖాళీ అయిపోతే చూసి చదివేయొచ్చు. మాట రాకపోతే, నాకు చాలా టెన్షన్‌గా ఉంది ఒక్క నిమిషం ఇవ్వండి అని అడగండి. అడిగితే ఇస్తారు. కావాలంటే ముందే ఉత్తరంలో ఉన్న నంబరుకి ఫోన్ చేసి మీ పరిస్థితి చెప్పి పెట్టుకోవచ్చు.

మూడింటి మెలకువ రెండు వారాలు దాటితే జీపీకి, అంటే మీ మామూలు డాక్టర్‌కి చెప్పండి. రాత్రిపూట బతకాలని లేదు లాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా సమారిటన్స్ అనే హెల్ప్‌లైన్ నంబరు 116 123, ఫ్రీ, ఎప్పుడైనా ఎత్తుతారు. నేను చేశాను, అందుకే చెబుతున్నాను.

పార్శిల్‌వ్యాన్

అందరికీ పేరుపేరునా థాంక్స్. గురువారం అయిపోయింది.

ఆదివారం బావమరిదిని ఇంటికి పిలిచి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత, బావా అడిగితే నెలకి వంద చొప్పున కట్టేస్తాలే, నువ్వు దాయకు అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. మా ఆవిడ పక్కగదిలోంచి ఫోన్లు చేసింది, మొత్తం పదిహేడుసార్లు ఎత్తాను.

పదిన్నరకి కాదు, పది ముప్పై ఎనిమిదికి చేశారు, ఆ ఎనిమిది నిమిషాలు మాత్రం నరకం. ఒకతను మాట్లాడాడు, వయసులో చిన్నవాడే అనుకుంటా. శ్రావణమేఘం అక్క చెప్పినట్టే మొదటి మాటగా 1,500 సంగతి చెప్పాను. తారీఖు అడిగాడు, కాగితం చూసి చెప్పాను. ఆ డబ్బు వాడు ఎప్పుడు ఇచ్చాడు, ఎలా ఇచ్చాడు అని అడిగాడు, బ్యాంకులో వేశాడు అన్నాను, ఆ నెల స్టేట్‌మెంట్ కూడా పంపమన్నాడు. దాని మీద తర్వాత ఉత్తరం రాస్తామన్నాడు, అవునని గానీ కాదని గానీ అనలేదు. నడుం గురించి చెప్తున్నప్పుడు గొంతు పట్టేసింది, ఒక్క నిమిషం అడిగాను, పర్లేదు టైమ్ తీసుకోండి అన్నాడు. నలభై రెండు నిమిషాలు పట్టింది.

పెట్టేశాక చూసుకుంటే కాగితం అంచు అంతా చెమటకి మెత్తబడి ఉంది. రేపటిలోపు మూడు స్టేట్‌మెంట్లు పంపాలి, అందులో ఒకటి మూసేసిన బ్యాంకు అకౌంట్‌ది. మూసేసిన అకౌంట్ స్టేట్‌మెంట్ బ్యాంకు ఎన్ని రోజుల్లో ఇస్తుందో నిదానం గారూ మీకేమైనా తెలుసా?

నిదానం77

ఒక్కో బ్యాంకుది ఒక్కో తీరు. బ్యాంకుని ఈరోజే అడిగేసి, అడిగాను, వచ్చిన వెంటనే పంపుతాను అని ఆయనకి రేపటిలోపు రాసి పెట్టండి. మిగతా రెండూ రేపే పంపేయండి, మూడోదాని కోసం ఆపకండి.