మాయ అంటే "భ్రమ" అని పిల్లలకి చెప్పేయొచ్చా? ఇంట్లో గొడవైంది, కాస్త తేల్చండి

నెల్లూరమ్మాయి:
అందరికీ నమస్తే. మేం డాలస్ దగ్గర ఉంటాం, మా పాపకి పదకొండేళ్లు. ఆదివారం పూట ఇక్కడి తెలుగువాళ్లే పిల్లలకి గీత క్లాసు పెడతారు. పోయిన వారం ఒక షీటు ఇచ్చారు, ఎడమ పక్క సంస్కృతం మాటలు, కుడి పక్క అర్థాలు, గీత గీసి జతపరచాలి. మాయకి జత "భ్రమ, లేనిది ఉన్నట్టు కనిపించడం". పాప గీసేసింది. సరిగ్గా ఆ టైమ్‌కి మా అమ్మ వీడియో కాల్‌లో ఉంది. మేం శ్రీవైష్ణవులం, మా తాతగారు పొద్దున్నే రామానుజుల శ్రీభాష్యం (బ్రహ్మసూత్రాలకి ఆయన రాసిన వ్యాఖ్య) ముందేసుకుని కూచునే మనిషి, దాంతో అమ్మకి అది చూడగానే ఎక్కడో కాలింది. "పెరుమాళ్ళు చేసిన సృష్టంతా ఉత్తిదేనా, ఎవరమ్మా ఇది రాసింది" అంది. మా ఆయన వాళ్లు రాజమండ్రి స్మార్తులు, శంకరుల అద్వైతం వైపు వాళ్లు. ఆయన ఊరుకోవచ్చు కదా, వంటింట్లోంచే "శంకరులు చెప్పిందే రాశారు కదండీ అత్తయ్యగారూ" అన్నారు. ఇక చూస్కోండి. మూడ్రోజులైంది, అమ్మ ఫోన్ చేస్తే అల్లుడి క్షేమం అడగట్లేదు.

నా ప్రశ్న ఒకటే. మాయకి అన్ని సంప్రదాయాలూ ఒప్పుకునే అర్థం ఏదన్నా ఉందా? పదకొండేళ్ల పిల్లకి ఒక్క వాక్యంలో ఏం చెప్పాలి?

గోదారి గట్టు:
మీ ఆయన చెప్పిందే రైటండి, మా ఊరివాడని కాదు. మాండూక్య ఉపనిషత్తు మీది కారికలో గౌడపాదులు (శంకరుల గురువుకి గురువు) సూటిగానే అన్నారు కదా, "మాయామాత్రమిదం ద్వైతం అద్వైతం పరమార్థతః" అని. కనిపించే ఈ రెండూ మూడూ అంతా మాయే, నిజం ఒక్కటే. చీకట్లో తాడుని చూసి పామనుకుంటాం, దీపం తెస్తే పాము లేదు. దాన్ని భ్రమ అనక ఏమంటారు? పెద్దావిడ నొచ్చుకోవడం వేరే సంగతి, అర్థం మాత్రం అదే.

పులిహోర ప్రసాదం:
గట్టు గారూ, శ్రీరామనవమికి మీ ఇంట్లో సంక్షేప రామాయణం చదువుతారా? చదివితే అందులో సీతమ్మ గురించి ఏముందో ఒకసారి చూడండి. "జనకస్య కులే జాతా దేవమాయేవ నిర్మితా". జనకుడి ఇంట పుట్టింది, దేవమాయ లాగా నిర్మించబడింది అని. ఇక్కడ మాయకి భ్రమ అని పెట్టి చదవండి చూద్దాం. సీతమ్మ తాడు మీద పామా?

ఈ ఉదాహరణ నా సొంతం కాదు, రామానుజులదే. వేదాంతులందరూ వ్యాఖ్యలు రాసే బ్రహ్మసూత్రాలన్నిటిలో మాయ అన్న మాట వచ్చేది ఒక్కచోటే, 3.2.3, "మాయామాత్రం తు" అని, అది కూడా కలల గురించి. శంకరులు అక్కడ కల ఉత్తిది అన్నారు. రామానుజులేమో మాయ అంటే ఆశ్చర్యం అని అర్థం చెప్పి ఈ దేవమాయేవ నిర్మితా అన్న ముక్కే సాక్ష్యంగా పెట్టారు. ఆయన లెక్కలో కల కూడా ఉత్తిది కాదు. జీవుడి చిన్నచిన్న కర్మలకి తగ్గట్టు ఈశ్వరుడే ఆ మనిషికి మాత్రమే కనపడేలా ఆ కాసేపటికి మాత్రమే ఉండేలా సృష్టిస్తాడు. నెల్లూరక్కా, మీ తాతగారు చదివింది ఇదే అయ్యుంటుంది.

ఆయన గీతాభాష్యంలో (7.14 దగ్గర) ఇంకో ముక్క ఉంది, నాకు చాలా ఇష్టం. గారడీవాడిని మాయావి అంటాం కదా, వాడు చూపించేది అబద్ధమే కదా అని ఎదుటివాడు అడుగుతాడని ముందే ఊహించి, వాడు చూపించిన వస్తువు అబద్ధమైనా దాన్ని చూపించడానికి వాడిన మంత్రమో మందో ఉంది చూశావా అది నిజం, చూసినవాడికి కలిగిన తెలివిడీ నిజం, మాయావి అని పేరొచ్చింది ఆ పనితనానికి అంటారు. వెయ్యేళ్ల నాటి మాట, ఇవాళ్టి మెజీషియన్‌కి కూడా సరిపోతుంది.

గోదారి గట్టు:
బాగుంది, మరి మాయాసీత సంగతేంటి? అధ్యాత్మ రామాయణంలో రావణుడు ఎత్తుకెళ్లింది అసలు సీతని కాదు కదా, అసలావిడ అగ్నిలో ఉంది. అక్కడ మాయ అంటే ఉత్తిది అనేగా.

పులిహోర ప్రసాదం:
ఉత్తిదైతే రావణుడు అంత దూరం మోసుకెళ్లింది దేన్నండీ. బరువుందిగా 😀

చిత్రదీపం:
నేనూ అద్వైతం చదువుకున్నవాణ్ణే, అయినా మా పక్షాన్నే తప్పు పట్టడానికి వచ్చా. ఆ షీటు రామానుజుల లెక్కలోనే కాదు, శంకర సంప్రదాయం లెక్కలో కూడా తప్పు. "లేనిది" అనేది పెద్ద మాట. లేనిదానికి మావాళ్లు ఇచ్చే ఉదాహరణ కుందేటి కొమ్ము. అది ఎవడికీ ఎప్పుడూ కనపడదు, దాన్ని తుచ్ఛం అంటారు. తాడు మీది పాము అలా కాదు, కనపడింది, ఒళ్లంతా చెమట పట్టించింది, కేక పెట్టించింది. దీపం తెచ్చాక పోయింది కాబట్టి ఉందనలేం, చెమట పట్టింది కాబట్టి లేదనలేం. ఉన్నది కాదు, లేనిది కాదు, రెండూ కలిసిందీ కాదు, అందుకని అనిర్వచనీయం అన్నారు, అంటే ఇదీ అని తేల్చి చెప్పలేనిది. భ్రమ అనేది మన తలకాయలో జరిగే పొరపాటు, మాయ అలా ఒకడి తలకాయలోది కాదు, ఈశ్వరుడి శక్తి, శంకరులే చాలాచోట్ల అలా అన్నారు.

విద్యారణ్యులు పంచదశి అనే అద్వైత గ్రంథం ఆరో ప్రకరణంలో ఇంకా తెలివిగా తేల్చారు. మాయని ముగ్గురు మూడు రకాలుగా చూస్తారట. శ్రుతి ప్రకారం పోయేవాడికి అది తుచ్ఛం, తర్కం చేసేవాడికి అనిర్వచనీయం, మామూలు మనిషికి నూటికి నూరుపాళ్లూ నిజం. అంటే పదకొండేళ్ల పాపకి మా అద్వైతం ప్రకారం చూసినా మాయ నిజమే! వంటింట్లోంచి అత్తగారితో వాదన పెట్టుకునే ముందు అల్లుడుగారు ఆ ప్రకరణం ఒకసారి తిరగేయాల్సింది.

తుంగభద్ర తీరం:
మీరూ మీరూ మాట్లాడేసుకుంటున్నారు, మధ్వాచార్యుల ద్వైతం వాళ్లం, మాధ్వులం మేమున్నామని ఎవరికీ గుర్తు రాలేదు, అలవాటే లెండి. గట్టు గారు పైన పెట్టిన "మాయామాత్రమిదం ద్వైతం" ఉంది చూశారా, మా ఆచార్యులకి అది అద్వైత వాక్యమే కాదు. మాయ అంటే భగవంతుడి ప్రజ్ఞ, ఆయన తెలివి, ఆయన ఇచ్ఛ. మాత్రం అంటే "మాత్రమే" కాదు, దాన్ని "మా", "త్ర" అని విడగొట్టి ఆ ప్రజ్ఞ చేత కొలవబడింది, కాపాడబడింది అని చెప్పారు. అంటే ఈ ద్వైతం అంతా స్వామికి తెలిసి, స్వామి కాపాడుతూ ఉన్నది. ఆయనకి తెలిసిన వస్తువు అబద్ధం ఎలా అవుతుంది, దేవుడికి భ్రమ ఉండదు కదా. మీకు ఆ శ్లోకం గౌడపాదుల మాట, మాకు అది ఉపనిషత్తులో భాగమే. మధ్వాచార్యులు మాయావాద ఖండనం అని విడిగా గ్రంథమే రాశారు, అంటే ఈ మాట మీద మాకు ఎంత మంట ఉందో చూస్కోండి.

గోదారి గట్టు:
"మాత్రం"ని అలా చీల్చడం మరీ లాగి పట్టుకొచ్చినట్టు లేదూ? "మాయామాత్రం" అని వింటే ఏ తెలుగువాడికైనా "ఒట్టి మాయ" అనే తడుతుంది.

తుంగభద్ర తీరం:
తెలుగువాడికి తట్టేదే ప్రమాణమైతే శంకరభాష్యం ఎందుకండీ, తెలుగు నిఘంటువు చాలు.

వ్యాకరణం పిచ్చి:
లాగారా లేదా పక్కనపెడితే, కొలవడం అన్నది మాత్రం గాల్లోంచి రాలేదు. "మా" ధాతువుకి కొలత అనే అర్థం ఉంది, మానం, పరిమాణం, మాత్ర అన్నీ దాని పిల్లలే. ఋగ్వేదం 5.85.5లో వరుణుడి మహామాయని చెబుతాను వినండి అని మొదలుపెట్టి, ఆయన ఆకాశంలో నిలబడి సూర్యుణ్ణి కొలబద్దలా పట్టుకుని భూమిని కొలిచాడు అంటాడు ఋషి. మాయ, కొలత ఒకే మంత్రంలో పక్కపక్కన. కొలిచింది భూమిని, కొలిచిన కర్ర సూర్యుడు, ఇందులో భ్రమ ఎక్కడుంది? పని చేయగల శక్తి, నేర్పు, అంతే. కాకపోతే అదే వేదంలో శత్రువుల దగ్గరా మాయ ఉంటుంది. 1.11.7లో ఇంద్రుడు మాయావి అయిన శుష్ణుడనే శత్రువుని మాయలతోనే పడగొట్టాడు. మనవాడు చేస్తే నేర్పు, పగవాడు చేస్తే మోసం, ఆ రెండో వాసన అప్పుడే ఉంది. వేదశబ్దాల పట్టీ నిఘంటువు ఉంది కదా, అందులో ప్రజ్ఞకి ఇచ్చిన 11 పేర్లలో మాయ ఒకటి. గీత 4.6లో "ఆత్మమాయయా" దగ్గర రామానుజులు "మాయా వయునం జ్ఞానం", అంటే మూడు మాటలకీ అర్థం ఒకటే, అన్నది అందుకే.

ఇంకోటి, ఎవరూ అడక్కపోయినా చెప్తా. దుర్యోధనుడు నేలని చూసి నీళ్లనుకున్నది మయసభలో, మాయసభలో కాదు. మయుడు కట్టాడు కాబట్టి మయసభ. నీళ్లూ నేలా తికమక పడ్డాడు కదా అని అందరూ దీర్ఘం పెట్టేస్తున్నారు. "మాయని మచ్చ"లో ఉన్నదీ ఈ మాయ కాదు, అది అచ్చ తెలుగు మాయు, మాసిన బట్టలో ఉన్నది అదే.

నైట్ డ్యూటీ సిస్టర్:
మీ చర్చ బాగుంది గానీ లేబర్ రూమ్‌లో మాకు మాయ అంటే ఒకటే అర్థమండి. బిడ్డ బయటికొచ్చాక "మాయ పడిందా" అని అడుగుతాం. పడ్డాక ట్రేలో వేసి వెడల్పుగా పరిచి చుట్టూ చూసుకోవాలి ముక్కేదన్నా లోపల మిగిలిందేమోనని, మిగిలితే బ్లీడింగ్ ఆగదు. అది భ్రమ అనుకుని వదిలేస్తే తల్లి ప్రాణం మీదికొస్తుంది. తొమ్మిది నెలలు బిడ్డకి అన్నం పెట్టేది అదే. ఈ మాటా మీ సంస్కృతం మాటా ఒకటేనో కాదో నాకు తెలీదు.

హన్మకొండ పోరడు:
సిస్టరక్కా సూపర్ చెప్పినవ్. మా దిక్కు గింత లొల్లి లేదన్నా. మా ఇంట్ల దసరా తొమ్మిది రోజులు దుర్గా సప్తశతి పారాయణం చేస్తరు, భద్రకాళి గుడికి పోతం. అండ్ల మొదటి అధ్యాయంలనే ఉంటది, సురథుడు అనే రాజు రాజ్యం పోయి అడవిల పడ్డా కూడ పోయిన ఏనుగు గురించీ ఖజానా గురించీ రంది పడుతుంటడు, వాని పక్కన ఒక కోమటాయన, పెండ్లాం పిల్లలు పైసలు గుంజుకొని ఎల్లగొట్టినా వాళ్లమీదనే పానం కొట్టుకుంటది. మాకు తెలివి ఉండి గూడ ఎందుకిట్ల అని అడిగితే ముని ఏమంటడంటే, అది మహామాయ, జ్ఞానుల మనసుని గూడ బలంగా గుంజి మోహంల పడేస్తది, మల్ల దయ తలిస్తే ముక్తి ఇచ్చేది గూడ ఆమెనే. కట్టేసేదీ ఆమెనే ఇప్పేదీ ఆమెనే. మాయ అంటే మాకు అమ్మ పేరు. లలితా సహస్రంల మహామాయా అని రోజు అర్చన చేస్తరు కదా, భ్రమకు ఎవడన్న కుంకుమ పూజ చేస్తడా?

చిత్రదీపం:
ఈ ఒక్క ప్రశ్నకి నా దగ్గర జవాబుంది గానీ ఈ తమ్ముడు చెప్పినంత అందంగా చెప్పలేను, అందుకని ఊరుకుంటున్నా.

మిర్చియార్డు:
శైవులు రాలేదేంటి ఇంకా? సరే నేనే చెప్తా. మా గుంటూరు వైపు మల్కాపురంలో 1261 నాటి శాసనం ఉంది, రుద్రమదేవి కాలం, శైవుల గోళకీ మఠం విశ్వేశ్వర శివాచార్యులకి మందడం గ్రామం ఇచ్చిన శాసనం. ఈయన గణపతిదేవుడికి గురువు. వీళ్లది శైవ సిద్ధాంతం. అందులో మాయ ఒక సరుకు, కుమ్మరికి మట్టి ఎలాగో శివుడికి మాయ అలాగ, దాన్నుంచే ఒళ్లూ లోకాలూ తయారవుతాయి. జీవుణ్ణి కట్టే మలాలు, అంటే మురికి లాంటి కట్లు, మూడిట్లో అదొకటి, ఆణవం (జీవుడికి మొదట్నుంచీ ఉన్న అజ్ఞానం) కర్మ మిగతా రెండు. మట్టి కుండ పగలొచ్చు గానీ మట్టి అబద్ధం కాదు. ఓరుగల్లులో రాజగురువు పక్కన కూచుని మాయ అంటే భ్రమ అంటే మెడ పట్టి గెంటేసేవాళ్లేమో.

కాశ్మీరు శైవంలో మళ్లీ వేరు. శివుడి నుంచి మట్టి దాకా మెట్లలా లెక్కపెట్టే 36 తత్త్వాల్లో ఆరోది మాయ, దాని కింద ఐదు కంచుకాలు, అంటే చొక్కాల్లాంటివి, శివుడే తనని తాను కుదించుకోడానికి వేసుకున్నవి. అక్కడ అదీ నిజమైన శక్తే.

గోదారి గట్టు:
ఒప్పుకుంటున్నా, "లేనిది" అనేది తీసేయాలి. భ్రమ అన్నదాన్ని మాత్రం పూర్తిగా వదలను. గీత 18.61 చూడండి, ఈశ్వరుడు యంత్రం మీద ఎక్కించినట్టు అందర్నీ మాయతో తిప్పుతున్నాడు. 7.15లో "మాయయాపహృతజ్ఞానాః", మాయ వల్ల జ్ఞానం పోయినవాళ్లు. ఎంత ఆశ్చర్యశక్తి అన్నా అది మన కళ్లు కప్పుతుంది కదా. ఆ కప్పడం ఊసెత్తకుండా "అద్భుత శక్తి" అని మాత్రం చెప్తే పాప సూపర్‌హీరో అనుకుంటుంది.

పులిహోర ప్రసాదం:
కప్పుతుందని రామానుజులూ అన్నారండీ, 7.14 భాష్యంలోనే ఉంది, భగవంతుడి స్వరూపాన్ని దాచేసి తనే సుఖం అనిపించేలా చేస్తుందని. దాచే తెర కూడా నిజమైన గుడ్డే అంటున్నాం, అంతే తేడా.

నెల్లూరమ్మాయి:
అందరికీ థాంక్సండి, మొత్తం రెండుసార్లు చదివా. క్లాసు చూసే అన్నయ్యకి ఫోన్ చేస్తే ఆయన పాపం ఏమీ అనుకోలేదు, ఏదో ఇంగ్లీషు పుస్తకంలోది తెలుగు చేశాం, పాపనే తన మాటల్లో రాయమనండి అన్నారు. నిన్న రాత్రి పాపకి దేవమాయేవ నిర్మితా చదివి వినిపించా, తాడు పాము కూడా చెప్పా, హన్మకొండ తమ్ముడి రాజు కథ అయితే మళ్లీ చెప్పించుకుంది. తర్వాత షీటు మీద గీత కొట్టేసి కింద ఇలా రాసుకుంది: "దేవుడి దగ్గర ఉన్న పవర్. దాంతో ఆయన అన్నీ చేస్తాడు. కానీ దానివల్లే ఆయన మనకి కనపడడు." అమ్మకి ఫోటో పంపా. మొదటి రెండు వాక్యాలకి బొటనవేలు పెట్టింది. మా ఆయన మూడోది నాది అంటున్నారు.

తుంగభద్ర తీరం:
బంగారు తల్లి. కాకపోతే కనపడకపోవడం కూడా ఆయన ఇష్టమే అని ఒక ముక్క కలిపి రాయించండి, మూడో వాక్యం మీ ఆయనకి దక్కకుండా పోతుంది.