ఐల్ ఆఫ్ వైట్‌లోని షాంక్లిన్: పెద్దవాళ్లతో వెళ్లివచ్చినవారి అనుభవాలు కావాలి

శ్రీవల్లి, రెడింగ్:
బాపట్ల నుంచి మా అమ్మానాన్నలు జూన్‌లో మా దగ్గరకు వస్తున్నారు. సూర్యలంక ఒడ్డున పెరిగిన మా నాన్నగారు ఇంగ్లీషువాళ్ల సముద్రతీరపు ఊరు ఎలా ఉంటుందో చూడాలని ముచ్చటపడుతున్నారు కాబట్టి ఇంగ్లండ్ దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని షాంక్లిన్‌లో రెండు రాత్రులు ఉందామని అనుకుంటున్నాము. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, ఇద్దరూ శాకాహారులు. వెళ్లివచ్చినవారు దయచేసి వివరంగా చెప్పండి.

రఘురామ్, సౌతాంప్టన్:
శ్రీవల్లి గారూ, పోర్ట్స్‌మత్‌లోని సౌత్‌సీ నుంచి హోవర్‌క్రాఫ్ట్ (గాలి మెత్త మీద తేలుతూ పోయే వాహనం) పది నిమిషాల్లో దీవిలోని రైడ్ ఊరికి దాటిస్తుంది గాని, గాలి బలంగా ఉన్న రోజున దాన్ని ఆపేస్తారు. పోర్ట్స్‌మత్ హార్బర్ స్టేషన్ పక్కనే కెటమరాన్ (జంట అడుగుల వేగపు పడవ) ఎక్కితే సుమారు 22 నిమిషాల్లో రైడ్ పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన లాంటి రేవు) కొసన దిగుతారు. షాంక్లిన్ రైలు కూడా ఆ కొస నుంచే బయలుదేరుతుంది కాబట్టి పెద్దవాళ్లకు నడక తప్పుతుంది. 1814లో తెరిచిన ఆ పియర్ సముద్రంలోకి దాదాపు అర మైలు పొడవున సాగి ఉంటుంది. అంత పొడవు ఎందుకని మా నాన్నగారు అడిగితే, పోటు తీసిన వేళ ఆయనను అక్కడికి తీసుకువెళ్లి చూపించాను. నీళ్లు వెనక్కు పోయి, మధ్యాహ్నం పడవ తిరిగిన చోటికి దగ్గరదాకా తడి ఇసుకే మిగిలింది. పియర్ లేని రోజుల్లో ప్రయాణికులను ఆ బురద మీదుగా మనుషులు మోసుకునో, బండ్లలోనో ఒడ్డుకు చేర్చేవారు. విశాఖలో ఇంత ఆటుపోట్ల తేడా చూడని ఆయన, చెక్క పలకల సందుల్లోంచి కిందికి చూస్తూ చాలాసేపు కదలలేదు. షాంక్లిన్ రైలు పెట్టెలు కూడా ఒకప్పుడు లండన్ భూగర్భ రైల్వేలో తిరిగినవే. రైడ్ సొరంగం ఎత్తు తక్కువ కావడంతో మామూలు రైళ్లు అందులో పట్టవు.

ప్రసన్న, లెస్టర్:
బస విషయంలో మాకు ఎదురైన ఇబ్బంది మీకు రాకూడదని చెబుతున్నాను. మేము దిగినది విక్టోరియా కాలపు ఇల్లు; లిఫ్టు లేదు, గది మూడో అంతస్తులో ఇచ్చారు, ఇరుకు మెట్లెక్కలేక మా అత్తగారు సాయంత్రం బయటికే రాలేదు. ముందే ఫోన్ చేసి కింది అంతస్తు గది అడగండి. ఊరు కొండకొమ్ము మీద, ఇసుక తీరం దాని కింద ఉంటాయి. కొండ అంచు నుంచి తీరానికి దింపే క్లిఫ్ లిఫ్టు వేసవిలో నడుస్తుంది, అది ఆ ఎత్తును తప్పిస్తుంది. చిప్స్ (వేయించిన బంగాళాదుంప ముక్కలు) కొనేముందు తప్పక నూనె సంగతి అడగండి, ఎందుకంటే కొన్ని దుకాణాలు గొడ్డు కొవ్వులో వేయిస్తాయి, చాలాచోట్ల చేపలూ అదే బాణలిలో పడతాయి. వెనిగర్ చల్లిన వేడి పొట్లాన్ని విప్పి మా పాప చేయి చాపిందో లేదో, ఒక సీగల్ (సముద్రపు పక్షి) వెనుక నుంచి వచ్చి చిప్ లాక్కుపోయింది. గోడకు వీపు ఆనించి కూర్చుని తినడం మేలు.

రఘురామ్, సౌతాంప్టన్:
ఒక రోజు విక్టోరియా రాణి నివాసమైన ఒస్బోర్న్ హౌస్‌కు కేటాయించండి; రైడ్ నుంచి బస్సు ఉంది. ఆమె 1901 జనవరి 22న కన్నుమూసింది అక్కడే. పంజాబుకు చెందిన భాయ్ రామ్ సింగ్ రూపకల్పన చేసిన దర్బారు గది నాకు అన్నిటికన్నా నచ్చింది. పొయ్యిగూటి పైన పురి విప్పిన తెల్లని నెమలిని, ఆ పనితనాన్ని మీ నాన్నగారు దగ్గరగా చూడాలి.

శ్రీవల్లి, రెడింగ్:
ఇద్దరికీ ఎంతో కృతజ్ఞురాలిని. కింది గది కోసం రేపే ఫోన్ చేస్తాను. 1817 నుంచే సందర్శకులను అనుమతిస్తున్న షాంక్లిన్ చైన్ లోయలోకి అమ్మ దిగగలదా?

ప్రసన్న, లెస్టర్:
ఆ లోయలోని జలపాతం దగ్గర మెట్లు చాలా ఉన్నాయి, తడిగానూ ఉంటాయి. అమ్మగారిని తీరం వైపు ద్వారం దగ్గర నీడలో కూర్చోబెట్టి, మీరూ నాన్నగారూ గడ్డి కప్పుల ఇళ్లున్న పాత ఊరి ద్వారం నుంచి లోయ గుండా దిగి ఆమె దగ్గరకు రండి.