సమస్య: సీత పేరు పెట్ట చేటు గలుగు

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలూ రాసి పద్యం పూరించండి. నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదట 'చే' ఉంది, పాదం మొదటి 'సీ'కి దానితో యతి (అక్షరాల పొంతన) సరిపోయింది, చూసుకోండి. సీత అంటే నాగటి చాలు. రామాయణం సంగతి అటుంచితే, ఋగ్వేదం నాలుగో మండలం 57వ సూక్తంలోనే సీతను పంటలిచ్చే దేవతగా కొలిచారు. అంత పాత పేరు. అయినా మన ఇళ్ళలో ఉత్త 'సీత' అని పెట్టడానికి జంకుతారు. సీతామహాలక్ష్మి, సీతారావమ్మ అని వెనక ఏదో ఒకటి తగిలిస్తారు. మగవాళ్ళకైతే ఈ భయం లేదు, సీతారామయ్యలూ సీతాపతులూ వీధికి నలుగురు! ఈ అపవాదును ఎలా తప్పిస్తారో మీ ఇష్టం.

బామ్మగారి మనవరాలు: మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది.

పొలము దున్నగాను పుట్టెను జానకి
నాటి నుండి కష్టములనె పొందె
ననుచు బామ్మ చెప్పు నస్తమానమ్మును
సీత పేరు పెట్ట చేటు గలుగు

నిర్వాహకుడు: గణాలు కుదిరాయమ్మా. రెండో పాదంలో యతి తప్పింది, 'నా'కు 'ము' చెల్లదు. "నాటి నుండి కడకు నలిగిపోయె" అంటే సరి. నింద బామ్మగారి మీదికి నెట్టేసి తప్పుకోవడం పాత ఉపాయమే, కానీ 'అస్తమానమ్ము' మాత్రం ఇంట్లో మాటలా బాగా పడింది.

ఓరుగల్లు మాస్టారు: బామ్మగారి భయం మన ఒక్కరిదే కాదు. సీత పుట్టింటివాళ్ళు మైథిలులు. వివాహపంచమి రోజున నేపాల్‌లోని జనకపురంలో సీతారాముల పెళ్ళి ఘనంగా చేస్తారు. సొంత కూతుళ్ళ పెళ్ళికి మాత్రం ఆ ముహూర్తం వద్దంటారు. మనం పేరు దగ్గర ఆగాం, వాళ్ళు తిథి దగ్గర ఆగారు. నా పూరణ:

చాలు దున్ను వేళ జనకుని చెంతకు
వచ్చె సిరుల పంట వాన తోడ
యెవ్వరన్న మాట యిది యెట్లు నమ్ముదున్
సీత పేరు పెట్ట చేటు గలుగు

నిర్వాహకుడు: మాస్టారూ, ధార బాగుంది. చిన్న పేచీ. వాల్మీకంలో జనకుడు దున్నింది యాగానికి నేలను శుద్ధి చేయడానికి. కరువు తీరి వాన పడటం జనం చెప్పుకునే కథ. పూరణకు అడ్డేమీ లేదు. కానీ ప్రశ్న వేసి గట్టెక్కడం మీ స్థాయికి కొంచెం తేలిక దారి.

గుంటూరు మిర్చి: చేటు ఎవరికో చెబితే చాలదా?

పంక్తికంఠు డపుడు పాపమ్ము పండగా
చెరను బెట్టు సతుల చిట్టలోన
తమ్ముడు వలదన్న తలపొగరున దానె
సీత పేరు పెట్ట చేటు గలుగు

ఓరుగల్లు మాస్టారు: ఊహ భేష్. కథే తిరగబడింది. విభీషణుడు మొత్తుకున్నది సీతను తెచ్చాక. ముందు రావణుణ్ణి వద్దన్నవాడు మారీచుడు. "తాటకాత్మజుండు తగదన్న వినకుండ" అని మార్చండి. 'చిట్టా'ను 'చిట్ట' చేయడం గణం కోసమని తెలుస్తూనే ఉంది. ఇంకోటి, జరిగిపోయిన కథకు 'కలిగె' రావాలి. సమస్యలో 'గలుగు' ఉంది కనుక అతుకు కనబడుతోంది.

గుంటూరు మిర్చి: మారీచుణ్ణి ఒప్పుకున్నాను. చిట్టను వదలను.

కోనసీమ కుర్రాడు:

గన్నవరమునందు కడుపులు నింపిన
తల్లి డొక్క సీత ధర్మమూర్తి
బడికి వచ్చు పిల్లవాని యాకలికిని
సీత పేరు పెట్ట చేటు గలుగు

గుంటూరు మిర్చి: ఇది విమానాశ్రయం గన్నవరమా?

కోనసీమ కుర్రాడు: కాదండీ, మా లంకల గన్నవరం. డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి దాటి వచ్చేవాళ్ళకు వేళ కాని వేళలో కూడా వండి పెట్టిన ఇల్లాలు. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకం వేడుకకు ఆమె ఫొటో తెప్పించుకున్నారని మా వైపు చెప్పుకుంటారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడి మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టారు. అందుకే చేటు ఆకలికి!

నిర్వాహకుడు: ఈ వారం మొదటి స్థానం దీనికే. పాదంలో ఒక్క అక్షరం కదపకుండా, 'ఆకలికిని' అనే ఒక్క మాటతో చేటు దిశ తిప్పేశారు. 'గలుగు' కూడా ఇక్కడ అతికినట్టు కుదిరింది, ఎందుకంటే ఈ పని రోజూ జరిగేదే. రెండో పాదానికి క్రియ లేకపోయినా అర్థం తెగలేదు.

బామ్మగారి మనవరాలు: ఒక సందేహం. అమ్మాయి పేరు మీద పద్యం రాస్తూ, బడికి పిల్లవాణ్ణి మాత్రమే పంపారేం?

కోనసీమ కుర్రాడు: దొరికిపోయాను. "బడికి వచ్చు చిన్నవారి యాకలికిని". గణమూ యతీ రెండూ నిలిచాయి కదా?

ఓరుగల్లు మాస్టారు: నిలిచాయి. మనవరాలుగారూ, మీ బామ్మగారికి ఇంకో మాట చెప్పండి. ఇప్పుడు జనం మోజుపడి పెట్టుకుంటున్న 'సియా' కూడా సీతే, హిందీ వైపు రూపం. మైథిలి, వైదేహి, జానకి సరేసరి. జావాలో సింతా అంటారు, థాయిలాండ్ రామకథలో సీదా.

బామ్మగారి మనవరాలు: చెప్పాను. "సియా అయితే పరవాలేదు" అంది.