బానెట్ నలిగే కొత్త కారు మంచిదా, నలగని పాత కారు మంచిదా?

పాతఇనుము:
మా పాత కారు గోడను గుద్దితే బంపర్‌కి సొట్ట కూడా పడలేదు. కొత్తది ఒక్క దెబ్బకే బానెట్ కాగితంలా నలిగింది. రేకులో పిసినారితనానికి భద్రత అని పేరు పెట్టారు.

గేర్‌బాక్స్:
నలగాలనే అలా కట్టారండీ. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దారనుకోండి. బెల్టు పట్టి ఉంచగా, ముందుభాగం నలిగినంత మేరా, అంటే 60 సెంటీమీటర్లలో మీరు ఆగితే ఒంటి మీద సుమారు 16 జీ, అంటే మీ బరువుకు 16 రెట్ల బలం. బెల్టు లేక డాష్‌బోర్డుకు కొట్టుకుని 5 సెంటీమీటర్లలో ఆగితే దాదాపు 200 జీ. 2009లో అమెరికాలో ఐఐహెచ్ఎస్ (బీమా కంపెనీల డబ్బుతో నడిచే రోడ్డు భద్రతా సంస్థ) వాళ్లు 1959 షెవర్లే బెల్ ఎయిర్‌నీ 2009 మాలిబూనీ ఎదురెదురుగా గుద్దించారు. పాతదాంట్లో డ్రైవర్ కూర్చునే చోటే కూలింది. మాలిబూ మూతి నుజ్జయింది, క్యాబిన్ నిలిచింది.

వానచుక్క:
ముందు మెత్తన, లోపల గట్టి. అంతే.

పాతఇనుము:
ఆ పాత బండికి బెల్టులే లేవు, అదేం పోలిక? అయినా బెల్టు గొప్పలు నాకు చెప్పకండి. వెనక సీట్లో మా అమ్మకు నేనే పట్టుబట్టి పెట్టించాను. గుద్దుకు రెండు పక్కటెముకలు విరిగాయి. భుజం నుంచి నడుము దాకా నల్లటి చార.

గేర్‌బాక్స్:
బెల్టు లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. అన్నయ్య బెల్టు పెట్టుకునే నడుపుతున్నాడు. వెనక కూర్చున్న స్నేహితుడు పెట్టుకోలేదు. అతని బరువంతా సీటుతో సహా వచ్చి అన్నయ్య వీపు మీద పడింది. ఇప్పటికీ నడుము వంగదు. మీ రాతలు చదివి ఒక్కరు బెల్టు తీసేసినా ఆ పాపం మీదే!

పాతఇనుము:
వద్దని ఎక్కడన్నాను? దగ్గొచ్చినప్పుడల్లా అమ్మ పక్క పట్టుకుని లేచి కూర్చునేది. ముందున్న నాకు గీత పడలేదు. ఒకే కారు, ఒకే గుద్దు. ఎందుకని? అది చెప్పండి ముందు.

స్పానర్:
ముందు సీట్ల బెల్టుకు సాధారణంగా ప్రీటెన్షనర్, లోడ్ లిమిటర్ ఉంటాయి. మొదటిది గుద్దిన క్షణంలోనే వదులు లాగేస్తుంది. రెండోది బలం హద్దు దాటగానే పట్టీని కొంచెం జారనిస్తుంది, ఛాతీ మీద ఒత్తిడి పెరగకుండా. చాలా కార్లలో వెనక సీట్లకు ఇవి ఉండవు, ఎదురుగా ఎయిర్‌బ్యాగూ ఉండదు. పెద్దవాళ్ల ఎముకలు తొందరగా విరుగుతాయి. ఐఐహెచ్ఎస్ 2022లో పరీక్ష మార్చి డ్రైవర్ వెనక సీట్లో కూడా మనిషి ఆకారపు పరీక్ష బొమ్మను కూర్చోబెట్టింది.

గేర్‌బాక్స్:
అయితే మీ గొడవ బానెట్‌తో కాదన్నమాట. అమ్మగారి విషయంలో దురుసుగా మాట్లాడాను, ఏమీ అనుకోకండి.

పాతఇనుము:
కాదు. ముందువాళ్లకు పెట్టింది వెనకవాళ్లకు ఎందుకు పెట్టరన్నదే నా బాధ. ఇప్పటికీ అమ్మకు బెల్టు నేనే పెడతాను. బకిల్ టక్కుమన్నప్పుడు నా చెయ్యి వణుకుతుంది.

వానచుక్క:
కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఉండేలా చూసి పెట్టండి.