వరిలో కింది ఆకుల అంచులు ఎండుతున్నాయి, మట్టి పరీక్షలో మాత్రం పొటాష్ ఎక్కువ అని వచ్చింది

మూడుమడులు:
నాట్లు వేసి 45 రోజులైంది. కింది ఆకులు కొనల దగ్గర మొదలై అంచుల వెంట పసుపు రంగు, తర్వాత ఇటుక రంగు తిరిగి ఎండిపోతున్నాయి. పై ఆకులు ముదురు ఆకుపచ్చగానే ఉన్నాయి. జింక్ లోపం అనుకుని రెండుసార్లు పిచికారీ చేశాను, మార్పు లేదు. మూడేళ్ల కిందట చేయించిన మట్టి పరీక్షలో పొటాష్ "ఎక్కువ" అని వచ్చింది. అప్పటి నుంచి పొటాష్ వేయడం మానేశాను. పోయిన పంటలో తాలు బాగా వచ్చింది, ఒక మడి కోతకు ముందే పడిపోయింది. ఈసారీ అలాగే అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పరీక్ష తప్పా, నేను చూస్తున్నది తప్పా?

పచ్చిరొట్ట:
జింక్ లోపం సాధారణంగా నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లోనే బయటపడుతుంది. లేత ఆకు మొదట్లో మధ్య ఈనె పాలిపోతుంది, తుప్పు మచ్చలు ఆకంతా చెల్లాచెదురుగా పడతాయి. మీ చేలో ఎండు అంచు పట్టుకుని లోపలికి వస్తోందంటే అది పొటాష్ లోపం లక్షణమే. పొటాషియం మొక్కలో సులభంగా కదులుతుంది. చాలకపోతే ముదురు ఆకుల్లోంచి లాగి లేత ఆకులకు పంపుతుంది. అందుకే కింద ఎండుతూ పైన పచ్చగా కనిపిస్తుంది.

ఒకటి మాత్రం సరిచూసుకోండి. టుంగ్రో వైరస్ వచ్చినా ఆకులు పసుపు, నారింజ రంగు తిరుగుతాయి. అయితే దాంట్లో మొక్కలు గిడసబారి, చేలో అక్కడక్కడా గుంపులుగా కనిపిస్తాయి.

మూడుమడులు:
గుంపులుగా లేదండీ, మడంతా ఒకేలా ఉంది. కాకపోతే ఒక మూల మాత్రం బాగుంది. పోయిన పంట గడ్డి కట్టలు కొన్నాళ్లు అక్కడే పేర్చి ఉన్నాయి, వానకు తడిశాయి కూడా.

నాగలిచాలు:
మీ ప్రశ్నకు జవాబు ఆ మూలలోనే ఉంది తమ్ముడూ. గడ్డిలో పొటాషియం ఏ పదార్థంలోనూ బిగుసుకుని ఉండదు, నీళ్లు తగిలితే కరిగి దిగిపోతుంది. కట్టలు తడిసినప్పుడు అదంతా ఆ మూల మట్టిలోకి దిగింది. మిగతా చేను గడ్డి ఎటు పోతోంది?

మూడుమడులు:
మూడేళ్లుగా బేలర్ పెట్టి కట్టలు కట్టి తీసుకెళ్తున్నారు. అంతకుముందు గడ్డిని పొలంలోనే కలియదున్నేవాడిని. ఆ పరీక్ష కూడా అప్పటిదే.

నాగలిచాలు:
లెక్క వేసి చూడు. వరి తీసుకునే పొటాషియంలో 80 శాతం పైగా గడ్డిలోనే ఉండిపోతుంది. ఎకరానికి రెండున్నర టన్నుల ధాన్యం, దాదాపు అంతే గడ్డి వచ్చిందనుకుందాం. గడ్డిలో 1.4 శాతం చొప్పున 35 కిలోల పొటాషియం ఉంటుంది. ధాన్యంతో పోయేది ఏడెనిమిది కిలోలే. మనం వేసే పొటాష్ ఎరువు మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో బస్తా మీద 60 శాతం అని ఉండేది ఆక్సైడ్ లెక్క, అసలు పొటాషియం సగం బరువే. అంటే ఒక్క పంట గడ్డి ఎత్తినప్పుడల్లా ఎకరానికి 70 కిలోల మ్యూరేట్ ట్రాక్టర్ ఎక్కి పోతోంది. అలా మూడేళ్లు పోయింది, తిరిగి వేసింది ఏమీ లేదు.

రేగడినేల:
గడ్డి తీసినంత మాత్రాన లోపం వస్తుందని అందరికీ చెప్పలేం. మా నల్లరేగడిలో పదేళ్లుగా పొటాష్ వేయలేదు, గడ్డి పశువులకే పోతుంది, పంట బాగానే ఉంది. అవసరం లేని చోట డబ్బు పోయడం ఎందుకు?

మట్టివాసన:
రేగడినేల గారూ, మీ పొలం వరకు మీరు చెప్పింది నిజమే కావచ్చు. మీ పశువుల పేడ తిరిగి పొలానికే వస్తోందా? వస్తుంటే గడ్డిలోని పొటాష్‌లో చాలా భాగం వెనక్కి వస్తున్నట్టే. మూత్రాన్ని కూడా పట్టి ఎరువులో కలపాలి, పశువు తిన్న పొటాష్ ఎక్కువగా పోయేది దాంట్లోనే.

నేల సంగతి కూడా ఉంది. మట్టిలోని పొటాషియంలో 90 శాతం పైగా ఫెల్డ్‌స్పార్, అభ్రకం లాంటి ఖనిజాల్లో బిగిసి ఉంటుంది, ఈ పంటకు అది అందదు. కొంత బంకమట్టి పొరల మధ్య ఇరుక్కుని మెల్లగా బయటికి వస్తుంది. వేరు వెంటనే తీసుకోగలిగేది ఒకటి రెండు శాతమే. మామూలు పరీక్షలో అమ్మోనియం ఎసిటేట్ అనే ద్రావణంతో కొలిచేది ఆ కొద్ది భాగాన్నే. రేగడిలో పొరల మధ్య నిల్వ పెద్దదైతే పైన ఖాళీ అయినకొద్దీ కింది నుంచి నిండుతుంది, ఏళ్ల తరబడి లోపం తెలియదు. ఇసుక నేలలో ఆ నిల్వే ఉండదు. అందుకే ఒకే అంకె రెండు నేలల్లో ఒకే మాట చెప్పదు. సుమారుగా కిలో మట్టికి 80 మిల్లీగ్రాముల కంటే తగ్గితే వరి పొటాష్‌కు స్పందిస్తుందంటారు. బంకమట్టి ఎక్కువున్న బరువు నేలల్లో అంతకు మించి ఉన్నా చాలని చోట్లున్నాయి.

సాగునీరు కూడా లెక్కలోకి వస్తుంది. లీటరులో ఒక మిల్లీగ్రాము పొటాషియం ఉన్న నీరు పంట కాలంలో వెయ్యి మిల్లీమీటర్లు పెడితే హెక్టారుకు 10 కిలోలు దానంతటదే చేరుతుంది.

ఇసుకమడి:
నాది తేలిక నేల. మొదట్లో మొత్తం పొటాష్ దమ్ములోనే, అంటే నాట్లకు ముందు బురద దున్నేటప్పుడే వేసేవాణ్ణి. నీళ్లు నిలబడని మడి, వేసిందంతా నీటితో దిగిపోయేది, పొట్ట దశకు వచ్చేసరికి ఆకులు మీరు చెప్పినట్టే అయ్యేవి. రెండేళ్లు నష్టపోయాకే తెలిసింది. ఇప్పుడు సగం దమ్ములో, సగం చిరుపొట్ట దశలో (లోపల కంకి రూపుకట్టేటప్పుడు) ఆఖరి యూరియాతో కలిపి వేస్తున్నాను. గింజ నిండుతోంది, చేను పడడం తగ్గింది. మూడుమడులు గారూ, మీకు ఇంకా సమయం ఉంది. ఒక దుబ్బు చీల్చి చూడండి, లోపల కంకి అంకురం కనిపిస్తే వెంటనే ఎకరానికి 25 కిలోల మ్యూరేట్ వేయండి. నీళ్లు పలచగా ఉంచి చల్లండి. యూరియా మాత్రం పెంచకండి. నత్రజని ఎక్కువైన కొద్దీ పొటాష్ కరువు ఇంకా ముదురుతుంది, ఆ కరువుతో గోధుమ మచ్చ తెగులు కూడా ఎక్కువవుతుంది.

మూడుమడులు:
13-0-45 (పొటాషియం నైట్రేట్) పిచికారీ చేస్తే సరిపోదా? పని సులభం కదా.

పచ్చిరొట్ట:
లీటరుకు 10 గ్రాముల చొప్పున ఎకరానికి 200 లీటర్లు కొట్టినా పడేది రెండు కిలోల మందు. దాంట్లో ఆక్సైడ్ లెక్కన చూసినా 900 గ్రాములే. గడ్డితో పోయిన 35 కిలోల పక్కన అదెంత? ఈ పూటకు ఊతం కోసం కొట్టండి, నేలకు వేయాల్సింది మాత్రం మానకండి.

రేగడినేల:
వేసేటప్పుడు మడిలో ఒక చిన్న నేల చెక్క వదిలేయండి. చుట్టూ గట్టు కట్టి దాంట్లో పొటాష్ తప్ప మిగతావన్నీ వేయండి. పక్కనున్న పంటతో పోల్చి తూకం వేస్తే మీ నేల మాటే తెలుస్తుంది. నేనూ ఈసారి మా పొలంలో అలా చేసి చూస్తాను.

గట్టుమీద:
గడ్డి కాల్చినా పొటాష్ బూడిదలో ఉంటుంది కదా?

మట్టివాసన:
చాలా వరకు ఉంటుంది, ఐదో వంతు పోతుంది. కానీ నత్రజని దాదాపు పూర్తిగా పోతుంది. బూడిద కుప్పలు ఉన్న చోటే పేరుకుంటుంది, కొంత గాలికి, మొదటి నీటికి కొట్టుకుపోతుంది. కాల్చకుండా కలియదున్నడమే మేలు.

మూడుమడులు (కోత తర్వాత):
అంకురం చూసుకుని పొటాష్ వేశాను. ఎండిన ఆకులు మళ్లీ పచ్చబడలేదు కానీ కొత్త ఆకులకు అది పాకలేదు. వదిలేసిన చెక్కలో తాలు ఎక్కువ, కంకులు తేలికగా ఉన్నాయి, తూకంలోనూ తేడా తెలిసింది. బేలర్ వాళ్లకు ఈసారి ఒక మడి గడ్డే ఇచ్చాను. మిగతా రెండు మడుల్లో పరిచి వదిలేశాను, వాన పడ్డాక కలియదున్నుతాను. కట్టలు పోయిన మడికి దమ్ములో ఎంత వేయాలి?

నాగలిచాలు:
మట్టి మళ్లీ పరీక్ష చేయించి వేయి. అది వచ్చేలోపే దమ్ము పెట్టాల్సి వస్తే ఎకరానికి 25 కిలోల మ్యూరేట్ దమ్ములో, ఇంకో 25 చిరుపొట్టలో వేయి. మట్టి తీసేటప్పుడు ఆ గడ్డి కట్టలు పెట్టిన మూలను వదిలేసి తీయి, లేకపోతే అంకె మళ్లీ ఎక్కువే చూపిస్తుంది.